డాలర్ల తాళం, బియ్యం ధర, ఓట్ల లెక్క: యుద్ధానంతర జపాన్‌లో ప్రభుత్వం చేసిందేమిటి?

1950లలో జపాన్‌లో ఒక నూలు మిల్లు అమెరికా పత్తి కొనాలన్నా, ఒక ఉక్కు కంపెనీ విదేశీ యంత్రం తెప్పించుకోవాలన్నా చేతినిండా యెన్లు ఉన్నంత మాత్రాన పని జరిగేది కాదు. డాలర్లు కావాలి. ఆ డాలర్లను ఏ కంపెనీ తన దగ్గర ఉంచుకోవడానికి వీల్లేదు. ఎగుమతి మీద వచ్చిన ప్రతి డాలరునూ గడువులోగా బ్యాంకుకు అప్పజెప్పి యెన్లు పుచ్చుకోవాలి. అలా పోగైన సొమ్మును ఏ సరుకు దిగుమతికి ఎంత కేటాయించాలో ఆర్నెల్లకోసారి మంత్రుల మండలి కూర్చుని తేల్చేది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఇంకొకటి. దాని పేరు విదేశీ మారక బడ్జెట్. ఏ కంపెనీకి ఎంత అన్నది ఆ తర్వాత అంతర్జాతీయ వాణిజ్య, పరిశ్రమల శాఖ అధికారులు చూసుకునేవారు. 1949 మేలో ఏర్పడిన ఆ శాఖనే పొట్టిగా 'మిటి' అంటారు.

జపాన్ ఎదుగుదల గురించి రెండు వాదనలు తరచూ వినిపిస్తాయి. ముందుచూపున్న అధికారులు గెలిచే పరిశ్రమలను ఏరి నడిపించారని ఒకరంటారు. కంపెనీల సత్తా వల్లే అంతా జరిగిందని, ప్రభుత్వం అడ్డురాకపోతే ఇంకా వేగంగా జరిగేదని మరొకరంటారు. ఇద్దరూ ఆ డాలర్ల కొరతను చిన్నచూపు చూస్తారు. ప్రభుత్వం బలమంతా కొరతలోంచే వచ్చింది. డాలర్లు, బ్యాంకు అప్పులు అరుదుగా ఉన్నంతకాలం వాటి వాకిట్లో కూర్చున్న అధికారి మాట చెల్లింది. కొరత తీరుతున్నకొద్దీ ఆ మాట చెల్లుబాటు తగ్గింది. కానీ అదే కాలంలో, ఎదుగుదల ఫలాలను పల్లెలకు, చిన్న దుకాణాలకు, రోడ్ల కాంట్రాక్టర్లకు పంచిపెట్టే రాజకీయ యంత్రాంగం ఒకటి తయారైంది. అది మాత్రం కొరతతో పాటు పోలేదు.

360 యెన్ల రేటు దాకా

1945 ఆగస్టులో లొంగిపోయాక 1952 ఏప్రిల్ దాకా జపాన్ అమెరికా సేనల ఆక్రమణలో ఉంది. ఆ ఏడేళ్లలో జరిగిన వాటిలో భూసంస్కరణ ఫలితం అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచింది. ఊళ్లో ఉండని భూస్వామి కౌలుకిచ్చిన భూమి మొత్తాన్నీ, ఊళ్లోనే ఉన్న భూస్వామికైతే దాదాపు ఒక హెక్టారు మినహాయించి మిగతా కౌలు భూమినీ ప్రభుత్వం కొని కౌలు రైతులకు అమ్మింది. హొక్కైదోలో మినహాయింపు నాలుగు రెట్లు. చెల్లింపు బాండ్లలో జరిగింది. ద్రవ్యోల్బణం ఆ బాండ్ల విలువను తినేయడంతో భూస్వాములకు దక్కింది నామమాత్రమే. యుద్ధం ముగిసేనాటికి సాగుభూమిలో దాదాపు సగం కౌలుకింద ఉండగా, 1950 నాటికి అది పదో వంతుకు పడిపోయింది. పల్లెలో సొంత భూమి ఉన్న చిన్న రైతు పుట్టుకొచ్చాడు. పల్లెలు ఎర్రజెండా పడతాయన్న భయం అంతటితో తీరింది. పదేళ్లు తిరక్కుండానే ఆ రైతే పాలక పార్టీకి ఓటు బ్యాంకు అయ్యాడు.

పరిశ్రమల విషయంలో తొలి ప్రయత్నం 1947లో జరిగింది. బొగ్గు లేక ఉక్కు లేదు, ఉక్కు లేక గనులకు పనిముట్లు లేవు. ఆర్థికవేత్త హిరోమి అరిసావా తదితరులు సూచించిన దారి ఇది: దిగుమతి చేసుకున్న ఇంధన చమురును ముందు ఉక్కు మిల్లులకు ఇవ్వాలి, ఆ ఉక్కును బొగ్గు గనులకు ఇవ్వాలి, తవ్విన బొగ్గును మళ్లీ ఉక్కుకు ఇవ్వాలి. ఏడాదికి 3 కోట్ల టన్నుల బొగ్గు లక్ష్యం. ఆ లక్ష్యాన్ని దాదాపు అందుకున్నారు. దానికి డబ్బు 1947 జనవరిలో పెట్టిన పునర్నిర్మాణ ఫైనాన్స్ బ్యాంకు నుంచి వచ్చింది. అది జారీ చేసిన బాండ్లలో ఎక్కువ భాగాన్ని కొన్నది కేంద్ర బ్యాంకే. అంటే నోట్లు అచ్చువేసి గనులకు ఇచ్చినట్టే. బొగ్గు పెరిగింది, ధరలు అంతకంటే వేగంగా పెరిగాయి. చౌక అప్పు ఎవరికివ్వాలో అధికారి, మంత్రి తేల్చే చోట లంచం రాక మానదు. ఈ బ్యాంకు అప్పుల కోసం షోవా డెంకో ఎరువుల కంపెనీ ముడుపులు చెల్లించిందన్న కేసులో 1948 అక్టోబర్లో ప్రధాని అషిదా మంత్రివర్గం కూలిపోయింది.

1949లో డెట్రాయిట్ బ్యాంకరు జోసెఫ్ డాడ్జ్ అమెరికా తరఫున వచ్చి ఈ కుళాయి కట్టేశాడు. బడ్జెట్లో లోటు ఉండకూడదన్నాడు. ఆ బ్యాంకు కొత్త అప్పులు ఆపించాడు. సరుకుకో మారకపు రేటు ఉన్న అయోమయాన్ని తీసేసి, ఏప్రిల్ 25 నుంచి డాలరుకు 360 యెన్లని ఒకే రేటు ఖాయం చేశారు. ఆ రేటు 1971 దాకా కదల్లేదు. ధరలు దిగొచ్చాయి కానీ కంపెనీలు ఊపిరాడక కొట్టుకున్నాయి. టొయోటా దివాలా అంచుకు చేరింది. కేంద్ర బ్యాంకు నగోయా శాఖ చొరవతో బ్యాంకులన్నీ కలిసి అప్పిచ్చాయి. అమ్మకాల విభాగాన్ని వేరే కంపెనీగా విడదీయడం, ఉద్యోగులను తగ్గించడం వాటి షరతులు. సమ్మె జరిగింది, 1950 జూన్‌లో వ్యవస్థాపకుడు కిచిరో టొయోడా తప్పుకున్నాడు. అదే జూన్ నెలలో కొరియా యుద్ధం మొదలైంది. అమెరికా సైన్యం నుంచి ట్రక్కుల ఆర్డర్లు వచ్చిపడ్డాయి. 1952, 1953ల్లో ఇలాంటి సైనిక కొనుగోళ్ల వల్ల ఏటా 80 కోట్ల డాలర్లకు పైగా చేరాయి. దేశం మొత్తం ఎగుమతుల రాబడిలో సగాన్ని మించిన సొమ్మది. ఏ ప్రణాళికలోనూ లేని ఈ డాలర్లే తొలి యంత్రాల దిగుమతికి ఆధారం. ఈ అదృష్టాన్ని లెక్కలోకి తీసుకోకుండా జపాన్ పాఠం చెప్పేవారి మాట నమ్మదగ్గది కాదు.

వాకిట్లో ఏం జరిగేది

కేటాయింపు సరుకును బట్టి ఒక్కో తీరుగా నడిచేది. పత్తి సంగతి చూద్దాం. మిల్లులో ఎన్ని కదుర్లు తిరుగుతున్నాయో చూసి, ఎగుమతి ఎంత చేసిందో చూసి డాలర్లు ఇచ్చేవారు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ కదుర్లను బట్టి కోటా అన్నప్పుడు, కోటా కోసమే కదుర్లు పెంచడం మొదలవుతుంది. గిరాకీ ఉన్నా లేకున్నా ప్రతి మిల్లూ విస్తరించింది. చమురు శుద్ధి కర్మాగారాలదీ ఇదే దారి. ఉత్పత్తి మితిమీరి ధర పడిపోగానే మిటి మళ్లీ రంగంలోకి దిగి ఉత్పత్తి తగ్గించమని 'సలహా' ఇచ్చేది. 1952లో నూలు మిల్లులకు అలాంటి సలహా వెళ్లింది. వినని మిల్లుకు పత్తి డాలర్లు తగ్గుతాయన్నది అందులోని అసలు మాట. చట్టంలో ఎక్కడా లేని ఈ పద్ధతికే తర్వాత 'పాలనా మార్గదర్శకత్వం' అన్న పేరు స్థిరపడింది. ప్రభుత్వమే అతిపోటీని పుట్టించి, ప్రభుత్వమే దాన్ని అణచడానికి మరో అధికారం తెచ్చుకుంది. ఈ గొలుసును గమనించకపోతే మిటి కథ సగమే తెలిసినట్టు.

ఓడల సంగతి ఇంకా వింతగా ఉంటుంది. 1953 ప్రాంతంలో జపాన్ ఓడ ధర యూరప్ ఓడ కంటే ఎక్కువ. నేరుగా సబ్సిడీ ఇద్దామంటే బడ్జెట్లో చోటు లేదు, విదేశాలు ఒప్పుకోవు. దాంతో ఓడ ఎగుమతి చేసినవారికి ముడి చక్కెర దిగుమతి చేసుకునే హక్కు ఇచ్చారు. చక్కెర మీద నియంత్రణ ఉండటంతో దేశంలో దాని ధర బయటి ధర కంటే చాలా ఎక్కువ. ఆ తేడాలో వచ్చే లాభం ఓడ మీది నష్టాన్ని పూడ్చేది. టీలో చక్కెర వేసుకున్న ప్రతి ఇల్లూ తెలియకుండానే ఓడల తయారీకి చందా కట్టిందన్నమాట. రెండుమూడేళ్లకే ఆ పద్ధతి ఆగిపోయింది. 1956లో ఓడల తయారీలో జపాన్ బ్రిటన్‌ను దాటి మొదటి స్థానానికి చేరింది. ఈలోగా ఓడ కంపెనీల అప్పుల మీద వడ్డీ సాయం చట్టం కోసం డబ్బులు చేతులు మారాయన్న కేసు 1954లో బయటపడింది. పాలక పార్టీ ప్రధాన కార్యదర్శి ఐసాకు సాతో అరెస్టుకు ప్రాసిక్యూటర్లు సిద్ధపడ్డారు. న్యాయశాఖ మంత్రి తన ప్రత్యేకాధికారంతో దాన్ని ఆపించి, తర్వాత రాజీనామా చేశాడు. ఆ ఏడాది చివరికి ప్రధాని యోషిదా ప్రభుత్వం పోయింది. సాతో మాత్రం 1964లో ప్రధాని అయ్యాడు.

సాంకేతిక ఒప్పందాలకు 1950 నాటి విదేశీ పెట్టుబడుల చట్టం కింద అనుమతి కావాలి. ఇక్కడ అధికారుల తెలివి, పొరపాటు రెండూ కనిపిస్తాయి. తర్వాత సోనీగా మారిన చిన్న టోక్యో కంపెనీ ట్రాన్సిస్టర్ లైసెన్సు కోసం వెస్టర్న్ ఎలక్ట్రిక్‌కు 25,000 డాలర్లు కట్టడానికి అనుమతి అడిగితే, ఈ కంపెనీ ఏం చేయగలదన్న అనుమానంతో మిటి నెలల తరబడి నానబెట్టింది. 1954లో అనుమతి వచ్చింది, 1955లో ట్రాన్సిస్టర్ రేడియో వచ్చింది. కంప్యూటర్ల విషయంలో అదే శాఖ వేరే రకంగా వ్యవహరించింది. జపాన్‌లో తయారీ మొదలెట్టాలంటే పేటెంట్లను జపాన్ కంపెనీలకు ఇవ్వాల్సిందేనని ఐబీఎంను నిలబెట్టి అడిగి, 1960లో సాధించింది. మరుసటి ఏడాది ఏడు కంపెనీల ఉమ్మడి అద్దె సంస్థ పెట్టించి, అభివృద్ధి బ్యాంకు అప్పుతో దేశీయ కంప్యూటర్లను కొనిపించి, వాడుకదారులకు అద్దెకిప్పించింది. ఒక చిన్న కంపెనీని అంచనా వేయడంలో అధికారులు తడబడ్డారు, పెద్ద విదేశీ కంపెనీతో బేరమాడటంలో ఆరితేరారు. దేశంలోని కొనుగోలుదారులందరి తరఫునా ఒకే గొంతుగా మాట్లాడే వీలు వారికుంది. ఆ కాలంలో మిటి చేసిన అసలైన మేలు అదే.

పోస్టాఫీసు నుంచి ఉక్కు కొలిమి దాకా

డాలర్ల తర్వాత రెండో వాకిలి అప్పు. వడ్డీ రేట్ల మీద 1947 చట్టంతో పరిమితి ఉంది. చౌక అప్పు అందరికీ కావాలి, అందరికీ చాలదు. పెద్ద బ్యాంకులు తమ డిపాజిట్లకు మించి అప్పులిచ్చి, లోటును కేంద్ర బ్యాంకు దగ్గర తెచ్చుకునేవి. అందుకే ఈ మూడు నెలల్లో అప్పుల పెరుగుదల ఇంతకు మించొద్దని కేంద్ర బ్యాంకు నోటిమాటగా చెబితే చాలు, బ్యాంకులు దాటేవి కావు.

ఇంకో కాలువ ఊరూరి పోస్టాఫీసు నుంచి బయలుదేరింది. పొదుపు వడ్డీ మీద పరిమితి దాకా పన్ను లేదు. సామాన్యులు దాచుకున్న ఆ సొమ్ము ఆర్థిక శాఖ నిధికి చేరి, అక్కడినుంచి 1951లో పెట్టిన జపాన్ అభివృద్ధి బ్యాంకుకు, గృహరుణాల సంస్థకు, రోడ్ల సంస్థలకు, చిన్న పరిశ్రమలకు వెళ్లేది. 1953లో దీన్నంతా ఒక వార్షిక ప్రణాళికగా కూర్చారు. దాని పరిమాణం సాధారణ బడ్జెట్లో సుమారు మూడో వంతు నుంచి సగం దాకా ఉండేది. రెండో బడ్జెట్ అని పిలిచేది అందుకే. పన్నులు పెంచకుండా, లోటు చూపకుండా పెట్టుబడి పెట్టే దారి ఇది. పన్నుల భారం జాతీయాదాయంలో 20 శాతం దగ్గర ఆగాలన్నది నాటి ప్రభుత్వాల లెక్క. ఎదుగుదల వల్ల అదనంగా వచ్చిన పన్నును దాదాపు ఏటా కోతల రూపంలో తిరిగిచ్చేశారు. 1965 దాకా లోటు బాండ్లే జారీ కాలేదు. చేతిలో చక్రం ఉందే గానీ ఖర్చు రీత్యా ఇది చిన్న ప్రభుత్వమన్న సంగతి చాలామంది మర్చిపోతారు.

అభివృద్ధి బ్యాంకు తొలి దశలో విద్యుత్తు, ఓడలు, బొగ్గు, ఉక్కు అనే నాలుగింటికే ఎక్కువగా ఇచ్చింది. అది కొంత అప్పిస్తే, ప్రభుత్వం ఈ కంపెనీని పడిపోనివ్వదన్న ధీమాతో ప్రైవేటు బ్యాంకులు మిగతాది ఇచ్చేవి. ఉక్కులో కవాసకి కథ తెలుసుకోదగ్గది. కంపెనీ మూలధనం 50 కోట్ల యెన్లు. అధ్యక్షుడు యతారో నిషియామా 1950లో తెచ్చిన ప్రణాళిక 1,630 కోట్ల యెన్లది. టోక్యో అఖాతంలో చిబా దగ్గర సముద్రం పూడ్చిన నేల మీద, ఓడ నేరుగా వచ్చి ఖనిజం దించేలా, కొలిమి నుంచి రేకు దాకా ఒకే చోట ఉండే కర్మాగారం. ఉన్న కొలిములే ఖాళీగా ఉన్నాయి, కొత్తదెందుకని పాత ఉక్కు కంపెనీలన్నాయి. కేంద్ర బ్యాంకు గవర్నరు ఇచిమదా గట్టిగా వ్యతిరేకించాడు. అక్కడ పిచ్చిగడ్డి మొలిపిస్తానని ఆయన అన్నట్టు నేటికీ చెప్పుకుంటారు. మిటి తటపటాయించి చివరికి ఒప్పుకుంది. 1953 జూన్‌లో కొలిమి వెలిగింది. అంతా సముద్రం మీంచి దిగుమతే కాబట్టి తగినంత బొగ్గు, ఇనుప ఖనిజం లేని దేశానికి అదే సరైన నమూనా అని తేలాక, మిగతా కంపెనీలు అదే బాట పట్టాయి. ఆలోచన కంపెనీది, సందేహం ప్రభుత్వానిది, గెలుపు కనిపించాక దాన్ని పదింతలు చేసింది మళ్లీ ప్రభుత్వ డబ్బు, ఓడరేవులు.

ఆ కొలిములకు ఖనిజం వెళ్లిన దారుల్లో ఒకటి మన దగ్గరిదే. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికే 1960లలో కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేశారు. అరకు లోయ అందాలు చూస్తూ ఈరోజు ప్రయాణించే లైను అదే. జపాన్ ఏ దేశానికైనా ఇచ్చిన మొదటి యెన్ రుణం కూడా 1958లో భారత్‌కు ఇచ్చిందే. ఖనిజం దొరకాలి, తమ యంత్రాలకు గిరాకీ రావాలి అన్న రెండు లెక్కలూ అందులో ఉన్నాయి.

ఇకెదా లెక్క

1955 అక్టోబర్లో చీలిన సోషలిస్టులు ఒక్కటయ్యారు. భయపడిన వ్యాపార సంఘాల ఒత్తిడితో నవంబర్లో రెండు సంప్రదాయవాద పార్టీలు కలిసి లిబరల్ డెమోక్రటిక్ పార్టీ అయ్యాయి. 1993 దాకా అధికారం దాని చేతిలోనే ఉంది. తొలినాళ్లలో ఆ పార్టీ మనసు రాజ్యాంగ సవరణ, సైన్యం మీద ఉండేది. 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని ప్రధాని కిషి బలవంతంగా పార్లమెంటు దాటించడంతో లక్షలాది జనం వీధుల్లోకొచ్చారు. కిషి దిగిపోయాడు. జూలైలో వచ్చిన హయాతో ఇకెదా ఆర్థిక శాఖలో ఎదిగిన మనిషి. ఆయన రాజ్యాంగం ఊసెత్తలేదు. పదేళ్లలో జాతీయాదాయం రెట్టింపు అన్నాడు. డిసెంబర్ 27న మంత్రివర్గం ఆమోదించిన ఆ ప్రణాళిక సగటున ఏటా 7.2 శాతం, మొదటి మూడేళ్లు 9 శాతం ఎదుగుదల కోరింది. అప్పటి ఆర్థికవేత్తల్లో చాలామంది ఇది ఎక్కువన్నారు. ఒసాము షిమొమురా తక్కువన్నాడు. ఆయన మాటే నిజమైంది. దాదాపు ఏడేళ్లలోనే లక్ష్యం నెరవేరింది. 1968లో మొత్తం జాతీయోత్పత్తిలో జపాన్ పశ్చిమ జర్మనీని దాటింది.

ఆ ప్రణాళిక ఎవరికీ ఉత్పత్తి లక్ష్యాలు విధించలేదు. విద్యుత్తు, రేవులు, రోడ్లు, నీళ్లు ఫలానా స్థాయికి చేరతాయని ప్రభుత్వం మాటిచ్చింది. పన్ను తగ్గిస్తానంది, వడ్డీ తక్కువ ఉంచుతానంది. గిరాకీ వస్తుందని నమ్మిన కంపెనీలు ఒకరిని మించి ఒకరు పెట్టుబడి పెట్టాయి. ఒకరి పెట్టుబడి మరొకరికి గిరాకీ అయింది. బండి వేగం పెరిగినప్పుడల్లా దిగుమతులు పెరిగి డాలర్లు అయిపోవచ్చేవి. 1957, 1961, 1963-64ల్లో కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచి ఊపు తగ్గించింది. ప్రతిసారీ ఏడాదిలోపే ఎగుమతులు కోలుకున్నాయి.

1961లో అందరికీ ఆరోగ్య బీమా, పింఛను పూర్తి స్థాయిలో మొదలయ్యాయి. ఇకెదా చేసిన పెద్ద పని, నా దృష్టిలో, వృద్ధి రేటు కంటే ఇదే: దేశాన్ని రెండుగా చీల్చిన గొడవను జీతాల పెంపు మీది మాటగా మార్చగలిగాడు.

మిటి మాట చెల్లని చోట్లు

1963లో మిటి ఒక బిల్లు తెచ్చింది. కార్లు, ప్రత్యేక ఉక్కు, పెట్రోరసాయనాల్లో కంపెనీలను కలిపి పెద్దవి చేసే అధికారం తనకు కావాలన్నది దాని సారం. విదేశీ పోటీ రాకముందే బలపడాలన్నది కారణం. బ్యాంకులు ఇష్టపడలేదు, కంపెనీలు ఇష్టపడలేదు, ఆర్థిక శాఖ దూరంగా ఉండిపోయింది. బిల్లు పార్లమెంటులో మురిగిపోయింది. అప్పటిదాకా మోటార్ సైకిళ్లే చేస్తున్న హోండా అదే ఏడాది కార్ల తయారీలోకి దిగింది. మిటి అనుకున్నట్టు కార్ల కంపెనీలు రెండుమూడుకు తగ్గి ఉంటే హోండా కారు ఉండేది కాదు.

1964 ఏప్రిల్లో జపాన్ అంతర్జాతీయ ద్రవ్యనిధి నిబంధనలకు లోబడి విదేశీ మారక బడ్జెట్‌ను ఎత్తేసింది. పెద్ద ఆయుధం చేజారింది. మరుసటి ఏడాది ఉక్కు ధర పడినప్పుడు ఉత్పత్తి కోతకు మిటి పిలుపునిస్తే, మా ఎగుమతులు లెక్కలోకి తీసుకోవడం లేదంటూ సుమితొమో మెటల్ అధ్యక్షుడు హ్యూగా ఒప్పుకోలేదు. అప్పుడు మిటి తన దగ్గర మిగిలిన కోటాను బయటికి తీసింది: కేటాయించిన ఉత్పత్తికి సరిపడా కోకింగ్ బొగ్గే దిగుమతికి అనుమతిస్తామంది. సుమితొమో దిగొచ్చింది. కానీ ఈ గొడవ పత్రికలకెక్కింది. మార్గదర్శకత్వం వెనక కోటా లేకపోతే అది ఉత్త సలహాయేనని అందరికీ అర్థమైంది.

ఆ తర్వాత మిటి చేసిన మంచి పనులు ఒప్పించడంతో జరిగినవి. 1976 నుంచి 1980 దాకా ఫుజిత్సు, హిటాచి, మిత్సుబిషి ఎలక్ట్రిక్, ఎన్‌ఈసీ, తొషిబాలను కలిపి చిప్‌ల తయారీ మీద నడిపిన పరిశోధనకు సుమారు 7,000 కోట్ల యెన్లు ఖర్చయితే, అందులో ప్రభుత్వ వాటా 3,000 కోట్ల యెన్ల లోపే. పోటీదారులు ఒకే ప్రయోగశాలలో కూర్చుని అందరికీ అవసరమైన తయారీ పరికరాల మీద పనిచేసి, ఉత్పత్తుల్లో మళ్లీ పోటీపడ్డారు. మెమరీ చిప్‌లలో జపాన్ ముందుకొచ్చింది. దాని తర్వాత 1982లో మొదలెట్టిన ఐదోతరం కంప్యూటర్ ప్రాజెక్టు పదేళ్లు నడిచినా మార్కెట్లో నిలిచే యంత్రాన్ని ఇవ్వలేదు. మొదటిదానిలో చేరాల్సిన గమ్యం తెలుసు. రెండోదానిలో గమ్యం ఎక్కడో ఎవరికీ తెలియదు. వెనకున్నవాడు ముందున్నవాణ్ని చూసి అందుకునే పనిలో ప్రభుత్వం బాగా ఉపయోగపడింది.

బియ్యం, రోడ్లు, సీట్లు

ఓట్ల లెక్క చూస్తేనే పల్లె ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. దిగువ సభకు ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురు నుంచి ఐదుగురు ఎన్నికయ్యేవారు. ఓటరుకు మాత్రం ఒకే ఓటు. ఐదు సీట్లున్న చోట ఆరో వంతుకు ఒక్క ఓటు ఎక్కువొస్తే గెలుపు ఖాయం. మెజారిటీ కావాలంటే పాలక పార్టీ ఒకే చోట ఇద్దరినో ముగ్గురినో నిలబెట్టాలి. వాళ్లందరి జెండా ఒకటే, విధానం ఒకటే. మరి ఓటరు ఒకరిని వదిలి ఇంకొకరికి ఎందుకు వెయ్యాలి? సొంత మనుషుల సంఘం, పెళ్లికి కానుక, చావుకు పరామర్శ, ఊరికి వంతెన. ఇందుకయ్యే డబ్బు పార్టీ ఇవ్వదు, పార్టీలోని ముఠా నాయకుడు ఇస్తాడు. ముఠా నాయకుడికి కంపెనీలిస్తాయి. జపాన్ రాజకీయ అవినీతిలో పెద్ద వాటా ఈ ఎన్నికల పద్ధతిదే.

నియోజకవర్గాల హద్దులు యుద్ధం ముగిసిన వెంటనే, పట్నాలు ఖాళీగా ఉన్నప్పటి జనాభాతో గీసినవి. తర్వాత కోట్ల మంది పట్నాలకు తరలినా సీట్లు వారి వెంట పూర్తిగా వెళ్లలేదు. 1972 ఎన్నికల్లో ఒక పల్లె ఓటు విలువ పట్నం ఓటుకు దాదాపు ఐదు రెట్లుండేది. ఈ పంపకం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1976లో తీర్పిచ్చినా ఎన్నిక చెల్లుతుందంది. 1958లో 57 శాతం దాటిన పార్టీ ఓట్లు 1967 నాటికి సగానికి దిగువకు పడిపోయినా మెజారిటీ చెక్కుచెదరలేదు.

ఆ ఓటుకు బదులు బియ్యం ధర రూపంలో అందింది. 1942 నాటి ఆహార నియంత్రణ చట్టం కింద ప్రభుత్వమే రైతు దగ్గర బియ్యం కొని వినియోగదారుడికి అమ్మేది. 1960 నుంచి కొనుగోలు ధర లెక్కలో రైతు కుటుంబం చాకిరీకి పట్నం ఫ్యాక్టరీ కూలి రేటు కట్టారు. ఫ్యాక్టరీలో జీతం పెరిగినప్పుడల్లా బియ్యం ధర పెరిగింది. ఏటా ధర ఖరారు వేళ రైతు సంఘాలు టోక్యోలో మోహరిస్తే, ఎంపీలు లెక్క మీద మరికొంత కలిపించేవారు. రైతు ఎక్కువ పండించాడు. 1967లో దిగుబడి 1 కోటి 44 లక్షల టన్నులతో రికార్డు సృష్టించింది. అటు తిండి మారుతోంది. 1962లో తలసరి 118 కిలోలున్న వాడకం ఏటా తగ్గుతూ వచ్చింది. 1970 నాటికి గోదాముల్లో పాత బియ్యం 70 లక్షల టన్నులు దాటింది. ఆ ఏడాది నుంచి వరి వేయనందుకు రైతుకు డబ్బివ్వడం మొదలుపెట్టారు. ధర మాత్రం తగ్గించలేకపోయారు.

రోడ్లది ఇంకో దారి. పెట్రోలు పన్నును రోడ్లకే ఖర్చుపెట్టాలన్న చట్టాన్ని 1953లో నీగాతాకు చెందిన యువ ఎంపీ కాకుఎయి తనకా ముందుండి తెచ్చాడు. బండ్లు పెరిగినకొద్దీ పన్ను పెరిగింది, పన్ను పెరిగినకొద్దీ రోడ్లు. మొదట దేశానికి అది నిజంగా అవసరం. 1956లో ప్రపంచ బ్యాంకు రుణం కోసం పిలిపించిన నిపుణులు జపాన్ రోడ్ల దుస్థితి చూసి నివ్వెరపోయారు. కానీ ఆర్థిక శాఖ ముట్టుకోలేని నిధి ఒకసారి ఏర్పడితే, అవసరం తీరాక కూడా ఖర్చు ఆగదు. కాంట్రాక్టరు, ఎంపీ, నిర్మాణ శాఖ అధికారి ఒకరికొకరు ఆసరా అయ్యారు. రిటైరైన అధికారి తాను పర్యవేక్షించిన కంపెనీలోనో, ప్రభుత్వ సంస్థలోనో పెద్ద పదవికి వెళ్లేవాడు. సంబంధమున్న ప్రైవేటు ఉద్యోగానికి రెండేళ్ల విరామం ఉండాలన్న నిబంధనను, మధ్యలో ఓ ప్రభుత్వ సంస్థలో కూర్చుని దాటేవారు. చిన్న దుకాణదారులకు 1973 చట్టం రక్ష. 1,500 చదరపు మీటర్లు దాటిన కొత్త దుకాణం స్థానిక వ్యాపారులతో సర్దుబాటు కుదరనిదే తెరుచుకునేది కాదు. ఆ సర్దుబాటుకు ఏళ్లు పట్టేది.

మినమాతా

ప్రభుత్వం చేసిన వాటితో పాటు చేయకుండా వదిలేసినదీ లెక్కలోకి రావాలి. క్యుషు దీవిలోని మినమాతాలో చిస్సో కంపెనీ ఎసిటాల్డిహైడ్ తయారీలో పాదరసం వాడి, మురుగును అఖాతంలోకి వదిలేది. 1956 మే 1న వింత నరాల జబ్బు అధికారికంగా నమోదైంది. పిల్లులు మెలికలు తిరిగి చచ్చాయి, జాలరి కుటుంబాల పిల్లలు నడక, మాట కోల్పోయారు. 1959లో కుమమొతో విశ్వవిద్యాలయం పరిశోధకులు సేంద్రియ పాదరసమే కారణమని తేల్చారు. నవంబర్ 12న ఆరోగ్య శాఖ సలహా మండలి కూడా సేంద్రియ పాదరసమే కారణమంది, కానీ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేదు. ఆ విషయం పరిశోధించిన ఉపసంఘాన్ని మర్నాడే రద్దు చేశారు. ఎసిటాల్డిహైడ్ నుంచే ప్లాస్టిక్ పరిశ్రమకు ముడిపదార్థం వస్తుంది. అందులో చిస్సో వాటా పెద్దది. మిటి తయారీ ఆపించలేదు. డిసెంబర్లో కంపెనీ మురుగు శుద్ధి యంత్రం పెట్టి పెద్ద ప్రారంభోత్సవం చేసింది. అది కరిగిన పాదరసాన్ని తీసేందుకు పనికొచ్చేది కాదు. బాధితులకు 'సానుభూతి సొమ్ము' ఇచ్చి, ఇకపై మరేమీ అడగబోమని సంతకాలు పెట్టించుకుంది.

1965లో నీగాతాలో మరో కంపెనీ దిగువన అదే జబ్బు కనిపించింది. మినమాతాలో ఆ తయారీ 1968 మేలో ఆగింది, అదీ పాత పద్ధతికి కాలం చెల్లాక. జబ్బుకు కారణం చిస్సో పాదరసమేనని ప్రభుత్వం ఒప్పుకున్నది ఆ సెప్టెంబర్లో. మధ్యలో గడిచిన తొమ్మిదేళ్లూ ఇకెదా, సాతోల అద్భుత వృద్ధి కాలమే. 1967 కాలుష్య చట్టంలో పర్యావరణ రక్షణ ఆర్థికాభివృద్ధికి అనుగుణంగా ఉండాలన్న మాట చేర్చారు. టోక్యో వంటి చోట్ల ప్రతిపక్షాల గవర్నర్లు గెలవడం మొదలయ్యాకే, 1970 చివరి సమావేశాల్లో ఆ మాట తీసేసి 14 చట్టాలు ఒకేసారి చేశారు. 1960 నుంచే తమ చేతిలోని చట్టాలతో ఆపగలిగి ఉండి ఆపనందుకు జాతీయ ప్రభుత్వం, కుమమొతో ప్రభుత్వం బాధ్యులేనని సుప్రీంకోర్టు తేల్చింది 2004 అక్టోబర్లో.

ఏది ఎప్పుడు పోయింది

1971 ఆగస్టులో 360 రేటు పోయింది. 1973 చమురు సంక్షోభంతో 1974లో యుద్ధం తర్వాత తొలిసారి ఆర్థిక వ్యవస్థ కుంచించుకుంది. ధరలు 20 శాతానికి పైగా పెరిగాయి. డాలరు విలువ దించాలని పెద్ద దేశాలు చేసుకున్న 1985 ప్లాజా ఒప్పందంతో యెన్ విలువ అమాంతం పెరిగితే, ఎగుమతిదారులను కాపాడాలని 1987 ఫిబ్రవరిలో వడ్డీని 2.5 శాతానికి దించి, చాలాకాలం అక్కడే ఉంచారు. అప్పటికి పెద్ద కంపెనీలకు బ్యాంకు అప్పుతో పెద్దగా పని లేదు. అప్పిచ్చేందుకు వేరే చోటు లేక బ్యాంకులు భూమి మీద కుమ్మరించాయి. ఏ బ్యాంకూ పడిపోకుండా అందరినీ ఒకే వేగంతో నడిపిన ఆర్థిక శాఖ పద్ధతి, కొరత కాలంలో పొదుపుదారుడికి ధైర్యమిచ్చింది. మిగులు కాలంలో అదే పద్ధతి మొండి బాకీలను ఏళ్ల తరబడి దాచిపెట్టింది. 1997 నవంబర్లో హొక్కైదో తకుషోకు బ్యాంకు, యమాయిచి సెక్యూరిటీస్ ఒకే నెలలో కూలాయి.

ఎదుగుదల కోసం పెట్టుకున్న సాధనాలు త్వరగానే వెళ్లిపోయాయి. డాలర్ల బడ్జెట్ 1964తో సరి. విదేశీ మారకం మూలసూత్రం నిషేధం నుంచి స్వేచ్ఛకు మారింది 1980 చివర్లో. ఓట్లతో ముడిపడినవి నిలిచాయి. బహుళ సభ్యుల నియోజకవర్గాలు 1994 సంస్కరణ దాకా, పెద్ద దుకాణాల చట్టం 2000 దాకా, పెట్రోలు పన్నును రోడ్లకే కట్టేసిన ఏర్పాటు 2009 దాకా నడిచాయి. 1970లో తాత్కాలికమని మొదలెట్టిన వరి సాగు తగ్గింపులో ప్రభుత్వం జిల్లాలకు లక్ష్యాలు పంచడం 2018లో ఆగింది. తిండి వరి బదులు పశువుల దాణా వరి వేస్తే ఇచ్చే సబ్సిడీ ఆ తర్వాత కూడా కొనసాగింది.